కాంపౌండరు గారూ, కంప్లయింటు కాలమూ

ఈ వ్యాసం చదివి మనసు నొచ్చుకోబోయే సకల జనులకూ ముందుగా నా క్షమాపణలు. కార్ల కంపెనీ వారికి, ఆ కంపెనీ కంప్యూటరుకి, కంప్యూటరులో తెలుగు అక్షరాలు పట్టవని కనిపెట్టిన మేధావులకు, మా రోడ్లను ఇలా ఉంచి మా సర్వీసు షెడ్డును మూడు పువ్వులు ఆరు కాయలుగా నడిపిస్తున్న కాంట్రాక్టర్లకు, అందరికీ పేరు పేరునా (పేర్లు రాయను, భయపడకండి) సాష్టాంగపడి మన్నించమని వేడుకుంటున్నాను. నువ్వేం తప్పు చేశావని మాత్రం అడక్కండి. ఇంత పెద్ద క్షమాపణ చెప్పినవాడు తప్పు కూడా చేసి ఉండాలనడం అన్యాయం.

విషయానికొస్తాను. మా అనకాపల్లి కార్ల షోరూము సర్వీసు డిపార్ట్‌మెంటు కాంపౌండరు గారు పోయిన గురువారం చనిపోయారు. మధ్యాహ్నం భోంచేసి ఇంట్లో మంచం మీద నడుం వాల్చారు, మళ్ళీ లేవలేదు. కబురు వచ్చేసరికి మా షెడ్డులో ఒక కారు జాకీ మీద ఉంది, ఇంకోటి నీళ్ళ కింద ఉంది. కడుగుతున్నవాడు గొట్టం కట్టేశాడు. ఆ కారు మీంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

కార్ల షెడ్డులో కాంపౌండరు ఏమిటని కొత్తవాళ్ళు అడుగుతారు. ఆయన నిజంగా కాంపౌండరే. మునగపాకలో ఒక చిన్న ఆసుపత్రిలో పాతికేళ్ళు సూదులు పొడిచి, సీసాల్లో మందు కలిపి, చీటీలు రాశారు. డాక్టరు గారు పోయాక ఆసుపత్రి మూతపడింది. అప్పటికి ఈయనకి యాభై దాటాయి. మా షోరూము ఓనరు గారిది బెల్లం వ్యాపారం చేసే కుటుంబం. చిన్నప్పుడు జ్వరమొస్తే ఆయనకి ఇంజెక్షను చేసిన చెయ్యి ఈ కాంపౌండరు గారిదే. ఆ నొప్పి మనసులో పెట్టుకోకుండా పిలిచి ఉద్యోగం ఇవ్వడం ఓనరు గారి పెద్దమనసు.

సర్వీసుకి వచ్చిన కారు దగ్గరికి మొదట వెళ్ళేది, కస్టమరుతో మాట్లాడేది, జాబ్ కార్డు రాసేది కాంపౌండరు గారు. జాబ్ కార్డంటే కారు రోగం రాసుకునే చీటీ. అందులో కంప్లయింటు అని ఒక ఖాళీ కాలమ్ ఉంటుంది. ఆ కాలమ్ నింపడంలో ఆయనకొక పద్ధతి ఉండేది. ముందు అరచెయ్యి తిరగేసి బానెట్ మీద పెట్టేవారు, పిల్లల నుదుటి మీద పెట్టినట్టు. తర్వాత ఇంజను తిరుగుతుంటే చేతి గడియారం చూస్తూ నిలబడేవారు. అందులో ఏం లెక్కపెట్టేవారో నాకు ఇప్పటికీ తెలీదు. ఆ తర్వాత అడిగేవారు: ఎన్నాళ్ళ నించి? పొద్దుటి పూట ఎక్కువా, సాయంత్రమా? పెట్రోలు పోసేక వత్తాదా, పోయకముందు వత్తాదా? కస్టమరు ఏ మాటంటే ఆ మాటే గుండ్రటి తెలుగు అక్షరాల్లో రాసేవారు. "బండి మూలుగుతంది." "మలుపు తిప్పితే పళ్ళు కొరుకుతంది." "నన్ను సూత్తే స్టార్టవదు, మా తమ్ముడ్ని సూత్తే అవుద్ది." రాసింది మళ్ళీ పైకి చదివి, మీరు చెప్పింది ఇదేనా అని అడిగేవారు. అవునంటేనే సంతకం.

బండికి నోరు లేదు, తెచ్చినోడికి ఉంది, ముందు ఆడ్ని అడగాల అనేవారు. ఇది నాకు ఉద్యోగంలో చేరిన మొదటి రోజే చెప్పారు. నేను విన్నాను. వినడానికీ చెవికెక్కడానికీ మధ్య ఎంత దూరం ఉందో రెండో వారంలో తెలిసింది.

నేను అప్పుడే బీకాం పాసయి, కంప్యూటరు కోర్సు చేసి, ఆయన కింద అసిస్టెంటుగా చేరాను. ఆయన నన్నెప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. "బీకామూ" అనేవారు. ఆ పిలుపులో గౌరవం ఎంతో, వేళాకోళం ఎంతో నేను తూచలేకపోయాను. ఒకరోజు ఆయన లేని టైములో మునగపాక నించి ఒక చెరుకు రైతు కారు తెచ్చి, "గుంటెక్కితే ఎనకాల టకటకమంతంది బాబూ" అన్నాడు. నేను టకటకా ఇంగ్లీషులో కొట్టేశాను: గోతుల్లో వెనక చప్పుడు. మెకానిక్కులు వెనక చక్రాల దగ్గర రబ్బరు బుష్షులు మార్చారు. వారానికి మళ్ళీ వచ్చాడు. షాక్ అబ్జార్బర్లు మార్చారు. మళ్ళీ వచ్చాడు. మూడోసారి కాంపౌండరు గారు ఉన్నారు. నేను కొట్టిన కార్డు చూసి, అద్దాలు సర్దుకుని, నన్ను పిలిచారు.

"గుంటలోకి దిగుతారు గాని ఎక్కుతారేటి, బీకామూ?"

తర్వాత రైతు వైపు తిరిగి, "ఏ గుంట, మామా?" అని అడిగారు.

"మా గుంట, బాబూ. పదేళ్ళది. బడికి దింపుతాను గదా."

ఇతర జిల్లాల పాఠకుల కోసం ఒక మాట. మా వైపు గుంట అంటే గొయ్యీ అవుతుంది, ఆడపిల్లా అవుతుంది. మా అమ్మ మా చెల్లిని రోజుకి వందసార్లు గుంటా అని పిలుస్తుంది. అది వింటూ పెరిగిన చెవి, కంప్యూటరు ముందు కూర్చోగానే నన్ను వదిలేసి విజయవాడ వెళ్ళిపోయింది.

మర్నాడు కాంపౌండరు గారు ఆ పాపని కూడా పిలిపించి కారెక్కించారు. పాప ఎక్కి కూర్చోగానే టకటక. వెనక సీటు కింద ఎడం పక్క ఒక బోల్టు వదులైంది. సీటు ఖాళీగా ఉంటే అది కదలదు. పెద్దవాళ్ళు కూర్చుంటే బరువుకి అణిగి ఊరుకుంటుంది. పదేళ్ళ పిల్ల బరువుకి మాత్రమే ఆడుతుంది. స్పానరుతో రెండు తిప్పులు తిప్పితే అయిపోయింది. నేను చెప్పినందుకు మార్చిన సామాన్లు ఒక మూల గోనెసంచిలో పడున్నాయి. ఆయన నన్ను తిట్టలేదు. ఆ సంచి తీసుకొచ్చి నా టేబులు కింద, కాళ్ళకి తగిలేలా పెట్టించారు. నెల్లాళ్ళు అక్కడే ఉంది.

ఆ తర్వాత నేనూ కస్టమరు మాటని కస్టమరు మాటగానే రాయడం మొదలుపెట్టాను. మొదటిసారి సరిగ్గా రాసిన కార్డు ఆయన చదివి, తిరగేసి, మళ్ళీ చదివి, "పర్లేదు" అన్నారు. ఆ సాయంత్రం నేను ఇంటికి నడిచి వెళ్ళానో తేలి వెళ్ళానో గుర్తు లేదు.

పర్లేదు అన్నందుకు అంత సంబరమా అనుకుంటున్నారంటే మీరు మా ఊరివాళ్ళు కారు. మా దగ్గర దీనిపైన ఇంకో మాట లేదు. పెళ్ళిచూపులకి వెళ్ళొచ్చి "కుర్రోడు పర్లేదు" అన్నారంటే ముహూర్తం పెట్టేసుకోవచ్చు. నేను ఫస్టు క్లాసులో పాసయితే మా నాన్న పర్లేదు అని, వెంటనే చొక్కా తొడుక్కుని వెళ్ళి కిలో మిఠాయి తెచ్చాడు. బాగుంది అనే మాట, కొనే ఉద్దేశం లేని వస్తువు గురించి వాడతాం. చాలా బాగుంది అంటే దిష్టి తగులుతుంది.

ఈ సంగతి కార్ల కంపెనీకి తెలీదు. మా షెడ్డులో కంప్యూటరు వచ్చిన ఏడాదే కంపెనీ ఇంకో పద్ధతి పెట్టింది. సర్వీసయిన మూడో రోజు హైదరాబాదు నించి ఒక అమ్మాయి కస్టమరుకి ఫోను చేస్తుంది. అప్పటికింకా సెల్లులు అందరి దగ్గరా లేవు. సగం మంది పక్కింటి నంబరో, కిరాణా కొట్టు నంబరో ఇచ్చేవారు. కొట్టువాడు కేకేస్తే, కస్టమరు పొలంలోంచి పరిగెత్తుకొచ్చి ఆయాసపడుతూ ఫోను తీసేవాడు. అవతల అమ్మాయి, మా సేవలు అత్యుత్తమమా, ఉత్తమమా, సాధారణమా, అసంతృప్తికరమా అని తియ్యగా అడిగేది. మావాడు నిండు మనసుతో, "పర్లేదమ్మా" అనేవాడు. ఆమె సాధారణం దగ్గర నొక్కేది. ఆ మార్కు, జాబ్ కార్డు మీద ఎవరి సంతకం ఉందో వాళ్ళ పేరున పడేది.

అలా మూడు నెలలకి, జోను మొత్తంలో కస్టమర్లకి అతి తక్కువ ఇష్టమైన మనిషి మా కాంపౌండరు గారని తేలింది. ఆయన సెలవులో ఉంటే కస్టమర్లు కారు దిగకుండా వెనక్కి తిప్పుకుని వెళ్ళిపోయే ఊళ్ళో.

విశాఖపట్నం నించి జోనల్ ఆఫీసరు వచ్చాడు. మంచివాడే, చొక్కా కూడా బాగుంది. కంపెనీ ఒక గీత గీసిందనీ, ఈ నెల కూడా మార్కులు ఆ గీత దాటకపోతే ఆ కుర్చీలో డిగ్రీ ఉన్నవాళ్ళని కూర్చోబెట్టాలనీ చెప్పాడు. షెడ్డులో డిగ్రీ ఉన్నది ఎవరికో చెప్పక్కర్లేదు. అందరూ నా వైపు చూశారు. నేను కంప్యూటరు వైపు చూశాను.

కాంపౌండరు గారు ఒక ఖాళీ జాబ్ కార్డు తీసి రాయడం మొదలుపెట్టారు. రాసి, అలవాటు ప్రకారం పైకి చదివారు. వాహనం: టెలిఫోను. కస్టమరు: అనకాపల్లి టౌను, చుట్టుపక్కల మండలాలు. ఎన్నాళ్ళ నించి: మూడు నెలల నించి. కంప్లయింటు: మేము పర్లేదు అంటున్నాం, మీకు బాగులేదు అని వినబడుతోంది. చెయ్యవలసిన పని: చెవి చూడవలెను.

ఆఫీసరు పెద్దగా నవ్వి, మీలో మంచి హాస్యం ఉందండీ అన్నాడు.

"నవ్వులాటకి రాయలేదండి," అన్నారు ఆయన. "సంతకం పెట్టి, ఎప్పటికి అవుద్దో సెప్పండి."

ఆఫీసరు సంతకం పెట్టక తప్పలేదు. ఆ రోజు నించి ప్రతి సోమవారం పొద్దున్నే కాంపౌండరు గారు విశాఖకి ఫోను చేసి, కార్డు నంబరు చెప్పి, బండి రెడీ అయిందా అని అడిగేవారు. ఎత్తిన గుమస్తాకి ఏం బండో అర్థమయ్యేది కాదు. పరిశీలనలో ఉందనేవాడు. ఈయన ఆ మాట తేదీ వేసి రాసుకునేవారు. పై సోమవారం మళ్ళీ.

నాకు అంత ఓపిక లేదు. ఆయన కుర్చీ పోకూడదని నేనూ గట్టిగానే అనుకున్నాను. నాకు తెలిసిన వైద్యం నేను మొదలుపెట్టాను. చిన్న చిన్న చీటీల మీద "చాలా బాగుంది, అత్యుత్తమం" అని రాసి, తాళాలతో పాటు కస్టమరు చేతిలో పెట్టి, ఫోనొస్తే ఇది చదవండి బాబూ అని బతిమాలేవాణ్ణి. బెల్లం వ్యాపారి ఒకాయన చీటీ వెనక్కిచ్చేశాడు. అత్యుత్తమం అంటే వచ్చేసారి రేటు పెంచుతారని ఆయన అనుమానం. ఒక టీచరమ్మ, ఇప్పుడే బాగయింది, నా నోటితో అనిపించి మళ్ళీ పాడుచేస్తావా అని నన్నే కోప్పడింది. చీడికాడ ఊరి రైతు ఒకాయన మాత్రం నిజాయితీగా ప్రయత్నించాడు. రెండు రోజులాగి షెడ్డుకొచ్చి, నేను లోపలుంటే, నేరుగా కాంపౌండరు గారి దగ్గరకే వెళ్ళాడు.

"బాబూ, మీ బీకాం గారిచ్చిన పద్దెం నాకు నోరు తిరగటం నేదు. సిన్నది ఏదైనా ఉంటే ఇప్పించండి."

పట్టుబడ్డాను. కాంపౌండరు గారు నా సొరుగులో మిగిలిన చీటీలన్నీ తీసి టేబులు మీద పేర్చారు. ఆయన గొంతు పెంచే మనిషి కాదు.

"తగ్గకండా తగ్గిందని రోగి సేత సెప్పించే ఆసుపత్రులు నేను సూసేను, బీకామూ. అక్కడ పనిసెయ్యలేదు."

ఇక్కడ తగ్గింది కదండీ, బండి నిజంగానే బాగయింది కదా, మాటొక్కటే కదా మార్చమంటున్నాను అన్నాను నేను. నా వాదన నాకు చాలా బలంగా కనిపించింది. ఇప్పటికీ కనిపిస్తుంది.

"మాటే కదా అంటావేటి? బండి మనకి వొగ్గేసి ఎల్లిపోతాడు. ఏటి పాడైందో ఆడికి తెల్దు, మనం ఏటి సేత్తామో ఆడికి తెల్దు. ఆడి దగ్గరున్నది ఆ మాటొక్కటే. దాన్ని మనం దిద్దకూడదు."

చీటీలు చించి బుట్టలో వేశారు. ఆ తర్వాత నేను ఎవరికీ చీటీ ఇవ్వలేదు. నెలాఖరుకి ఇంకా పది రోజులుంది.

నెల గడిచింది. ఒకటో తారీకున ఓనరు గారు తానే షెడ్డుకొచ్చారు. ఆయన గదిలోకి పిలిపించుకోవచ్చు, పిలిపించుకోలేదు. కస్టమర్లు కూర్చునే బల్ల మీద చివర్న కూర్చుని, చేతి రుమాలు మడత పెడుతూ, విప్పుతూ ఉన్నారు. కాంపౌండరు గారు పెన్ను తీశారు.

"నొప్పెక్కడో సెప్పండి బాబూ, రాసుకుంటాను."

ఓనరు గారు తల దించుకునే చెప్పారు. గీత ఒక్కరితో తప్పిపోయిందట. ఒకే ఒక్క కస్టమరు ఇంకోలా అని ఉంటే సరిపోయేదట. తన చేతుల్లో ఉంటే ఇలా జరగనిచ్చేవాణ్ణి కాదన్నారు. ఆయన ఆ మాట అన్న తీరు చూస్తే నిజమేననిపించింది.

"ఆ ఒక్కడూ ఏటన్నాడంట?"

"ఏటంటాడండీ, పర్లేదని ఉంటాడు."

"మరైతే బండి బాగయినట్టే," అని కాంపౌండరు గారు పెన్నుకి మూత పెట్టారు.

ఆ కుర్చీ నాకొచ్చింది. ఆయన్ని తీసేయడానికి ఓనరు గారు ఒప్పుకోలేదు కాబట్టి గేటు దగ్గర స్టూలు వేసి, గేట్ పాసు రాసే పని ఇచ్చారు. పాసులో రాయాల్సింది బండి నంబరు, లోపలికొచ్చిన టైము, అంతే. ఇక కంప్లయింటుతో ఆయనకి సంబంధం లేదు. ఇంకొకరైతే మానేసి ఇంట్లో కూర్చునేవారు. కనీసం నాతో మాట్లాడ్డం మానేసేవారు.

ఆయన రెండో రోజునే పాసు వెనక వైపు ఖాళీగా ఉందని కనిపెట్టారు.

గేటు దగ్గర కారాపి, బానెట్ మీద అరచెయ్యి తిరగేసి పెట్టి, ఎన్నాళ్ళ నించి అని అడిగి, పాసు వెనక సన్నటి అక్షరాలతో రాసి, చదివి వినిపించి లోపలికి పంపేవారు. వెనక వరసలో కార్లు హారన్లు కొట్టేవి. లొంగేవారు కాదు. ఎండాకాలం గొడుగు కట్టుకుని రాశారు. వానాకాలం పాసు తడవకుండా కస్టమరు కారులోనే కూర్చుని రాశారు. నేను నా అద్దాల గదిలో కంపెనీ కోడు ఏదో కొట్టి, ఆయన పాసుని కార్డుకి పిన్ను చేసి లోపలికి పంపేవాణ్ణి. మెకానిక్కులు నా కోడు ఒక్కనాడూ చదవలేదు. పాసు తిరగేసి చూసి పనిలో దిగేవారు. కంపెనీ లెక్కలో నేను సర్వీసు అడ్వైజరుని. మా షెడ్డు లెక్కలో కాంపౌండరు గారు గేటు దగ్గరకి మారారు, అంతే.

సోమవారం ఫోను మాత్రం ఆయన మానలేదు. కుర్చీ పోయింది కదా, ఇంకా ఎందుకండీ అని ఒకసారి అడిగాను. బండి ఇచ్చేవరకూ కార్డు మూయకూడదు కదా అన్నారు. రెండేళ్ళు చేశారు. పోయిన సోమవారం కూడా చేశారు.

శుక్రవారం సమాధి కార్యక్రమానికి మా షెడ్డు మూసి అందరం వెళ్ళాం. మేం వెళ్ళేసరికి చర్చి బయట రోడ్డుకి రెండు పక్కలా కార్లు. ప్రతి కారూ నాకు దాని రోగంతో సహా తెలుసు. పాస్టరు గారు ఒక సంగతి చెప్పారు. ఆదివారం ప్రార్థన విన్నపాలు చెప్పమంటే ఈయన లేచి, ఫలానా అమ్మకి ఒంట్లో బాగులేదు అని ఊరుకునేవారు కాదట. ఆ అమ్మ ఏ మాటందో ఆ మాటే, ఆమె అన్నట్టే దేవుడికి చదివి వినిపించేవారట. చదివాక ఒక క్షణం ఆగేవారట. ఆ ఆగడం దేనికో మా షెడ్డువాళ్ళందరికీ తెలుసు. ఇదేనా అని అడుగుతున్నారన్నమాట. మాలో ఇద్దరు బయటికి వెళ్ళిపోయారు.

మట్టి వేసేటప్పుడు చీడికాడ రైతు నా పక్కనే ఉన్నాడు. గుప్పెడు మన్ను వేసి, చెయ్యి దులుపుకోకుండా అలాగే నిలబడి, ఎవరితోనో కాదు, తనలో తనే అన్నాడు.

"మడిసి పర్లేదు."

ఇంతకంటే పెద్ద మాట నేనూ రాయలేను. రాయవలసింది ఇంకొకటి మాత్రం ఉంది. ఓనరు గారితో చెప్పలేదు. కాంపౌండరు గారితో రెండేళ్ళలో ఏ రోజూ చెప్పలేదు.

కంపెనీ గీత గీసిన ఆ ఆఖరి నెలలో మాకవరపాలెం నించి మా మావయ్య కారు సర్వీసుకి వచ్చింది. కార్డు కాంపౌండరు గారే రాశారు. మావయ్యకి ఫోను లేదని నేను నా కొత్త సెల్లు నంబరు ఇచ్చాను. మూడో రోజు షెడ్డులో పని మీదుండగా మోగింది. హైదరాబాదు అమ్మాయి. అత్యుత్తమమా, ఉత్తమమా అంటూ అడుగుతోంది. అద్దానికి అవతల కాంపౌండరు గారు ఒక ముసలాయనకి ఆయన చెప్పింది చదివి వినిపిస్తున్నారు. ముసలాయన తలూపుతున్నాడు, ఈయన ఇంకా నమ్మకం కుదరక మళ్ళీ మొదటి నించి చదువుతున్నారు. నేను వాళ్ళిద్దర్నీ చూస్తూ ఉండిపోయాను. ఊరందరికీ చీటీలు రాసిచ్చిన వాణ్ణి. ఆమె రెండోసారి అడిగింది, మా సిబ్బంది సేవ ఎలా ఉందండీ అని.

పర్లేదండీ అన్నాను.

థాంక్యూ అంది ఆ అమ్మాయి. అవతల మీట నొక్కిన చప్పుడు నాకు వినబడింది.